ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది మేడమ్

టీవీలో రెజ్లింగ్ చూసి మంచం మీంచి దూకుతున్న కొడుకు గురించి పోయిన సంచికలో ఒక తల్లి అడిగారు. ఆమెకు జవాబు రాస్తూ క్రిస్ బెన్వా పేరు ఒక్క వాక్యంలో అనేసి ముందుకెళ్లిపోయాను. అలా వెళ్లిపోవడం కుదరదని పాఠకులు తేల్చేశారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆయన గురించే. కొత్తావకాయ బూజు పట్టిందని రాసినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. బెన్వాది కెనడా. డబ్ల్యూడబ్ల్యూఈ (ముందు పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్) అనే అమెరికా రెజ్లింగ్ కంపెనీలో పెద్ద పేరున్న రెజ్లర్. 2007 జూన్ 22, 24 తేదీల మధ్య అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఫాయెట్‌విల్‌లో, తన ఇంట్లోనే భార్య నాన్సీని, ఏడేళ్ల కొడుకుని చంపి తానూ ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 40.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 33. మాది జగిత్యాల దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. చిన్నప్పుడు మా ఊళ్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులంటే పిచ్చి. అందరూ అండర్‌టేకర్ కార్డు కోసం కొట్టుకునేవాళ్లు. నాకు మాత్రం బెనాయిట్ ఇష్టం. (స్పెల్లింగు చూసి అలాగే పిలిచేవాళ్లం. బెన్వా అనాలని చాలా ఏళ్లకు తెలిసింది.) ఎవరి కార్డు మీది అంకె పెద్దదైతే వాళ్లు గెలిచే ఆటలో, ఎత్తు అడిగితే ఓడిపోయే కార్డు అది. ఆయన పొట్టి. క్లాసులో నేనూ పొట్టే. 2004 రెజిల్‌మేనియాలో (ఏటా జరిగే పెద్ద పోటీ) ట్రిపుల్ హెచ్ అనే రెజ్లర్ చేత ఓటమి ఒప్పుకుంటూ నేల తట్టించి చాంపియన్ బెల్టు గెలిచినప్పుడు నేను ఏడ్చేశాను. అప్పుడు ఆరో తరగతి. పదో తరగతి మొదలైన నెలలోనే ఆ వార్త వచ్చింది. గోడ మీది పోస్టర్ చింపేశాను. కార్డు మాత్రం చింపలేకపోయాను, ఇంకా నా దగ్గరే ఉంది మేడమ్. పోయిన వారం రాత్రి అన్నం తింటూ ఫోన్‌లో ఆ పాత మ్యాచ్ చూస్తుంటే మా ఆవిడ ‘ఎవరీయన?’ అని అడిగింది. అంతా చెప్పాను. ‘ఇంత తెలిసీ చూస్తున్నారా?’ అంది. అప్పటి నుంచి లోపల ఒకటే పీకులాట. నేను చూడటం తప్పా? మనిషిని పక్కన పెట్టి ఆటను మాత్రం చూడకూడదా?

జవాబు: బాబూ, మీ తప్పు సంగతి తర్వాత. ముందు నా తప్పు చెబుతాను.

2007లో నేను విజయవాడలో ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. జూన్ 26 సాయంత్రం షిఫ్టు నాది. ఆ రోజు బెల్‌ఫాస్ట్‌లో ఇండియాకి, దక్షిణాఫ్రికాకి వన్డే. పేజీ మొత్తం దానికే అట్టేపెట్టాం. బెన్వా వార్త అప్పటికే ఏజెన్సీ కాపీలో ఉంది: ఇంట్లో ముగ్గురి మృతదేహాలు, వివరాలు తెలియాలి. మూలన సింగిల్ కాలం ఖాళీ ఉంటే అక్కడ పెట్టి, ‘డబ్ల్యూడబ్ల్యూఈ స్టార్ కుటుంబం విషాదాంతం’ అని హెడ్డింగ్ కొట్టాను. రాత్రి పొద్దుపోయాక ఇంకో కాపీ వచ్చింది. భార్యని, కొడుకుని చంపింది ఆయనే అని పోలీసులు చెప్పారు. నేనేం చేశానంటే, కింద ఆ మాట ఒక లైనుగా కలిపాను. హెడ్డింగ్ ముట్టుకోలేదు. సచిన్ 99 దగ్గర రనౌటయ్యాడు ఆ రోజు. నా బుర్రంతా అక్కడే ఉంది.

‘విషాదాంతం’ అంటే వానకి గోడ కూలి ముగ్గురు పోయినట్టు. చేసినవాడు ఎవరూ లేనట్టు. ఆ మాటే మర్నాడు అచ్చయి ఊరంతా తిరిగింది. ఎవరూ అడగలేదు, డెస్క్‌లో కూడా. అడిగి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

ఆ కంపెనీ చేసిందీ అలాంటిదే, కాకపోతే పెద్ద ఎత్తున. 25వ తేదీ సోమవారం శవాలు దొరికాయి. ఆ రాత్రి టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీలో జరగాల్సిన షో రద్దు చేసి, ఖాళీ స్టేడియం నుంచి మూడు గంటలు ఆయనకు నివాళి ప్రసారం చేశారు. పాత మ్యాచ్‌లు, తోటివాళ్ల కన్నీళ్లు. తెల్లారేసరికి అసలు సంగతి తెలిసింది. మంగళవారం యజమాని విన్స్ మెక్‌మాన్ టీవీ ముందుకొచ్చి, ఇక ఈ రాత్రి ఆయన ప్రస్తావనే ఉండదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఒక్క రాత్రితో ఆగలేదు. తర్వాత కంపెనీ కార్యక్రమాల్లో దాదాపు ఎక్కడా ఆయన పేరెత్తలేదు. వాళ్ల సొంత స్ట్రీమింగ్ మొదలయ్యాక ఆ మ్యాచ్‌లు అందులో ఉండేవి గానీ, పేరు కొట్టి వెతికితే దొరికేవి కావు. సోమవారం హారతి, మంగళవారం నామరూపాలు లేకుండా తుడుపు. మీరు పోస్టర్ చింపి కార్డు దాచుకోవడం నాకు వాళ్ల పని కన్నా నిజాయితీగా అనిపిస్తోంది. మీకు మీరే పొంతన కుదరక అలా వదిలేశారు.

ఇక మనిషిని పక్కన పెట్టి ఆటను చూడటం. కొందరి విషయంలో కుదురుతుందేమో గానీ, ఈయన విషయంలో కుదరదు. మీకు ఆయన ఎందుకు నచ్చాడో ఒకసారి గుర్తు చేసుకోండి. పొట్టివాడైనా నిజంగా కొడతాడు, నిజంగా దెబ్బలు తింటాడు. పై తాడు ఎక్కి, కింద పడి ఉన్నవాడి మీదికి తల ముందు పెట్టి దూకేవాడు గుర్తుందా? అది తన చిన్ననాటి హీరో డైనమైట్ కిడ్‌ని చూసి నేర్చుకున్నది. ఆ డైనమైట్ కిడ్ చివరికి చక్రాల కుర్చీలో పడ్డాడు. బెన్వాకి 2001లో మెడకు ఆపరేషన్ అయింది. ఏడాది ఇంట్లో కూర్చుని వచ్చి, మళ్లీ అదే దూకుడు దూకాడు. ఆయనతో పనిచేసిన క్రిస్ నొవిన్‌స్కీ తర్వాత చెప్పింది ఇంకోటి ఉంది: మిగతావాళ్లు కుర్చీ దెబ్బకి ఏదోలా కాసుకుంటే ఈయన తల వెనక భాగం మీద కూడా కొట్టించుకునేవాడట. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది వీటికే. నేనైతే టీవీ ముందు ‘అబ్బా’ అని మొహం తిప్పుకుని, మళ్లీ వేలి సందులోంచి చూసేదాన్ని. మనకు కావాల్సిన దెబ్బ ఆ తలకే తగిలింది. ఆ తల ఆఖరికి ఏమైందో కింద ఇంకో ప్రశ్నలో వస్తుంది.

నాన్సీ గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ఈ కథ చెప్పేవాళ్లలో నూటికి తొంభై మంది ఆవిడని ‘భార్య’ అని అక్కడితో ఆపేస్తారు. నా పాత వార్తలో నేనూ అంతే. ఆవిడ 1980ల నుంచే ఆ రంగంలో ఉంది. రెజ్లర్ల వెంట మేనేజర్‌గా రింగ్ దాకా వచ్చి, జనాన్ని రెచ్చగొట్టి, మాటతో, చూపుతో మ్యాచ్ నడిపించేది. ‘ఉమన్’ అనే పేరుతో ఆవిడకి సొంత అభిమానులుండేవారు. అప్పటి భర్త కెవిన్ సల్లివన్ కూడా రెజ్లరే, టీవీలో నడిచే రెజ్లింగ్ కథలు రాసేది కూడా ఆయనే. ఆవిడ తనని వదిలి బెన్వాతో వెళ్లిపోయినట్టు కథ రాశాడు. అది నిజంగానే జరిగింది. తన విడాకులు తానే రాసుకున్నాడని రెజ్లింగ్ అభిమానులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అదే నాన్సీ 2003లో బెన్వా క్రూరంగా చూస్తున్నాడని విడాకులకు కోర్టుకెక్కింది, కొన్నాళ్లకు ఆ కేసు వెనక్కి తీసుకుంది. ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పుకోరు. 2003 అంటే చూడండి, మీరు ఏడ్చిన ఆ బెల్టుకి ఏడాది ముందు.

మ్యాచ్ చూడొద్దని నేను అనను. అయిపోయాక ఆయన స్నేహితుడు, తోటి రెజ్లర్ ఎడ్డీ గెరెరో రింగ్‌లోకి వచ్చి ఆయన్ని కౌగిలించుకుంటాడు, పైనుంచి రంగు కాగితాలు రాలుతుంటాయి, ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడుస్తుంటారు. మరుసటి ఏడాది నవంబరులో ఎడ్డీ పోయాడు, 38 ఏళ్లకే. ఆ కన్నీళ్లు అబద్ధమని ఎవరనగలరు? పన్నెండేళ్ల మీ కన్నీళ్లూ అబద్ధం కాదు. కాకపోతే, పప్పన్నం కలుపుకుంటూ చూడగలగడం మాత్రం నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది బాబూ. మీ ఆవిడకీ అక్కడే గుచ్చుకుని ఉంటుంది.

ప్రశ్న: నేను కాకినాడలో మెడిసిన్ చదువుతున్నాను. బెన్వా మెదడు 85 ఏళ్ల అల్జీమర్స్ రోగి మెదడులా ఉందని డాక్టర్లు చెప్పారు. అంటే ఆయన కూడా బాధితుడే కదా మేడమ్? జబ్బు చేసిన పనికి మనిషిని తిట్టడం న్యాయమా?

జవాబు: ఆ పరీక్ష నిజమే. కొడుకు ఎందుకిలా చేశాడో తెలియాలని తండ్రే మెదడు పరీక్షకు ఒప్పుకున్నాడు. పైన చెప్పిన నొవిన్‌స్కీయే పూనుకున్నాడు. హార్వర్డ్‌లో చదివి రెజ్లింగ్‌లోకి వచ్చి, తల దెబ్బల వల్లే ఆట మానేసిన మనిషి ఆయన. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో న్యూరో సర్జన్ జూలియన్ బెయిల్స్ బృందం చూసి, 2007 సెప్టెంబరులో ఫలితం చెప్పింది. మెదడు అన్ని భాగాల్లోనూ దెబ్బతింది. తలకు పదేపదే దెబ్బలు తగిలేవాళ్లకి వచ్చే సీటీఈ అనే జబ్బు. మీ పుస్తకాల్లో ఇప్పుడు ఉండే ఉంటుంది.

అయితే డాక్టర్ గారూ, మీరు రేపు కేస్ షీట్ రాసేటప్పుడు ఒక్కటే కారణం రాసి సంతకం పెడతారా? 2007 ఏప్రిల్‌లో చేసిన డ్రగ్ పరీక్షలో ఏమీ దొరకలేదని కంపెనీ చెప్పింది. జూలైలో జార్జియా ప్రభుత్వ డాక్టర్లు ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ చాలా ఎక్కువగా ఉందని తేల్చారు. ఆ పని దాని వల్లే చేశాడనడానికి ఆధారం లేదనీ వాళ్లే అన్నారు. ఆయనకు మందులు రాసిన డాక్టరుకి, తన రోగులకు అడ్డగోలుగా మందులు రాసిన కేసులో 2009లో పదేళ్ల శిక్ష పడింది. ఎడ్డీ పోయిన దిగులు ఉంది. ఇవన్నీ కలిపి రాయండి, కాదనను. దాని పక్కనే ఇవీ రాయండి: నాన్సీ కోర్టు కాగితాలు ఆ మెదడు పరీక్ష కన్నా నాలుగేళ్ల ముందువి. ఆ శనివారం, తోటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతూ, భార్యకీ కొడుక్కీ ఫుడ్ పాయిజన్ అయిందని చెప్పాడు. ఏం జరిగిందో దాచాలన్న తెలివి అప్పటికి ఉంది.

అలాంటి తలలతోనే ఇంకా ఎందరో రెజ్లర్లు బతికారు, పోయారు. వాళ్ల ఇళ్లలో పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఆయన జబ్బు మనిషి అంటే ఒప్పుకుంటాను. బాధితుల పేర్లు రాయమంటే మాత్రం నేను రెండే రాస్తాను.

జరిగిన మేలు ఒకటుంది. తలమీద కుర్చీతో కొట్టడాన్ని 2010లో కంపెనీ నిషేధించింది. మూడేళ్లు పట్టింది దానికి.

ప్రశ్న: అమ్మా, నేను తెనాలిలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఆ రెజ్లింగ్ అంతా నటన. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. దాన్ని ఆట అనడం, దానికి కన్నీళ్లు పెట్టుకోవడం, ఇదేం చోద్యం?

జవాబు: మాస్టారూ, తెనాలి వారు నటనని తక్కువ చేసి మాట్లాడితే ఎలాగండీ! ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు, నిజమే. పడటం మాత్రం నిజంగానే పడాలి. మీ ఊరి స్టేజీ మీద కీచకుడు చచ్చిపడి, తెర దిగాక లేచి టీ తాగుతాడు. పై తాడు మీంచి తలతో దూకినవాడికి టీ ఒక్కటే చాలదు.

అది నటన అని తెలియడం పెద్దవాళ్లకు తేలిక. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని మన ఊళ్లలో ప్రతి పిల్లాడూ ప్రమాణం చేసి చెప్పేవాడు. పైగా ఆ జూన్ 11నే మెక్‌మాన్ కారు పేలిపోయి ఆయన చనిపోయినట్టు టీవీలో కథ నడిపారు. రెండు వారాలకు ఈ వార్త. మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు. డెస్క్ నుంచి తెచ్చిన పేపర్ చూపిస్తే, ‘ఊరికే అమ్మా, నెల తర్వాత మళ్లీ వస్తాడు చూడు’ అన్నాడు. నేను వాడికి సరిగ్గా చెప్పకుండానే స్కూలుకి పంపేశాను.

ప్రశ్న: అమెరికా వాళ్ల గొడవలు మనకెందుకండీ? మన క్రికెట్‌లో ఇలాంటివి లేవా? ఉంటే రాయడానికి భయమా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: భయం లేదు, సిగ్గు ఉంది. 1988 డిసెంబరులో పాటియాలాలో రోడ్డు మీద బండి అడ్డం విషయమై గొడవలో 65 ఏళ్ల పెద్దాయన ఒకరు చనిపోయారు. నవజ్యోత్ సింగ్ సిద్ధూ మీద కేసు. 1999లో కింది కోర్టు నిర్దోషి అంది, 2006లో హైకోర్టు మూడేళ్లు వేసింది, 2018లో సుప్రీంకోర్టు గాయపరిచిన నేరానికి వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది, 2022 మేలో అదే కోర్టు మళ్లీ చూసి ఏడాది జైలు వేసింది. మొత్తం 33 ఏళ్లు. బెన్వా చేసిన దానితో దీన్ని కలపకండి, కోర్టు దీన్ని హత్య అనలేదు.

నా సిగ్గు వేరు. ఆ 33 ఏళ్లలో సిద్ధూ సిక్సర్లు కొట్టాడు, కామెంటరీ చెప్పాడు, ఎంపీ అయ్యాడు, టీవీలో పడీపడీ నవ్వాడు. ఆయన కామెంటరీ చమత్కారాలు ఏరి నేనే ఎన్నిసార్లు బాక్స్ ఐటమ్ కట్టానో. పాటియాలా కేసు వార్త వచ్చిన రోజు అది మా డెస్క్‌కి రాదు, జనరల్ డెస్క్‌కి వెళ్లేది. ఒకే మనిషి, ఒకే పేపర్, రెండు పేజీలు. పాఠకుడు ఆ రెండు పేజీలూ కలిపి చదివాడో లేదో నాకు తెలియదు. నేనైతే కలపలేదు.

ప్రశ్న: మేడమ్, పైన జగిత్యాల పేరుతో ఉత్తరం రాసింది మా ఆయన. పోస్ట్‌లో వేయమని నాకిచ్చారు. చదివి, కింద ఖాళీ ఉంటే నేనూ నాలుగు లైన్లు రాస్తున్నాను. నేను ఆ మ్యాచ్ చూడొద్దని అనలేదు. ఆయన కథంతా చెప్పాక, ఆ పిల్లాడి పేరేమిటని అడిగాను. గుర్తు లేదన్నారు. 2004లో రాయల్ రంబుల్ అనే, ఒకరి వెనక ఒకరు రింగ్‌లోకి దిగే పోటీలో బెన్వా మొదటి నంబరుగా వచ్చి 61 నిమిషాలు రింగ్‌లో నిలబడ్డాడని మాత్రం అడక్కుండానే చెప్పారు. అప్పుడు అన్నాను, ‘ఇంత తెలిసీ చూస్తున్నారా’ అని. మాకూ ఏడేళ్ల బాబు ఉన్నాడు. మీకైనా తెలిస్తే ఆ పిల్లాడి పేరు చెప్పండి.

జవాబు: అమ్మా, మీ నాలుగు లైన్లు కాగితం అడుగున ఉన్నాయి. మీ వారికి జవాబు రాయడం పూర్తయ్యాకే నాకు కనపడ్డాయి. పైన రాసింది మార్చలేదు. కావాలంటే వెనక్కి వెళ్లి చూడండి, ఇంత రాసిన నేనూ ఆ పేరు ఎక్కడా రాయలేదు. పాత కటింగ్ తీసి చూశాను, అందులోనూ ‘కుమారుడు’ అనే ఉంది.

డేనియల్. 2000 ఫిబ్రవరిలో పుట్టాడు.